ఉప్పుగాలి వారి ముందస్తు క్షీణదశ

విశాఖపట్నంలో బైరాగిమెట్ట అనే కొండవాలు కాలనీకి మూడు వందల ఇళ్ళున్నాయి, నూట పద్నాలుగు మెట్లున్నాయి, ఆటో వెళ్ళే దారి మాత్రం లేదు. ఎవరెంత బతిమాలినా ఆటోవాళ్ళు కింద మెట్ల దగ్గరే దింపేసి వెళ్ళిపోతారు. గ్యాస్ బండైనా, బియ్యం బస్తాయైనా, పెళ్ళికూతురైనా అక్కణ్ణుంచి నడిచి ఎక్కాల్సిందే. ఆ కాలనీలో పుట్టి పెరిగిన హైమవతి దీనిమీద ఒక పాట కట్టింది. పాట పేరు "ఆటో పైకి రాదు".

మీటరు మీద నడిచే లోకం
మెట్ల కాడ ఆగిపోయింది

అని మొదలవుతుంది. రెండు నిమిషాల యాభై సెకన్ల పాట.

హైమవతి జూనియర్ కాలేజీలో ఫిజిక్సు లెక్చరరు. సాయంత్రాలు ఉప్పుగాలి అనే రాక్ బ్యాండులో గిటారు వాయిస్తూ పాడుతుంది. పాటలన్నీ ఆమే రాస్తుంది. డ్రమ్స్ వాయించే మస్తాన్ వలీకి టైర్ల షాపులో పని. మూడోవాడు బెనర్జీ. అతను అచ్చ తెలుగువాడే. వాళ్ళ నాన్న ఎవరో బెంగాలీ స్టేషన్ మాస్టరు మీద గౌరవం కొద్దీ ఆ పేరు పెట్టాడు. బెనర్జీ కొరియర్ ఆఫీసులో పార్సిళ్ళు పంచుతాడు, బ్యాండులో బాస్ గిటారు వాయిస్తాడు. బాస్ గిటారు మోగుతుంటే ఎవరూ గమనించరు, ఆగిపోతే మాత్రం పాటలో ఏదో తక్కువైందని అందరికీ అనిపిస్తుంది. బెనర్జీ మనిషి కూడా అలాంటివాడే.

ఐదేళ్ళలో అతను ఒక్క పాటా రాయలేదు. రాయాలని లేక కాదు. ఒకసారి నాలుగు లైన్లు రాసి రిహార్సల్‌కి తెచ్చాడు. ఆరోజు హైమవతి తన కొత్త పాట వినిపించింది. అది విన్నాక బెనర్జీ తన కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. మర్నాడు అది ప్యాంటుతో పాటు ఉతుకులోకి వెళ్ళిపోయింది.

"ఆటో పైకి రాదు"ని వాళ్ళు సింగిల్‌గా విడుదల చేశారు. ఆల్బమ్ అంటే ఎనిమిదో పదో పాటలు కావాలి, సింగిల్ అంటే ఒక్కటి చాలు. నెల తిరక్కుండానే ఆ పాట కాలనీ దాటి, సిటీ బస్సుల్లోకీ కాలేజీ క్యాంటీన్లలోకీ వెళ్ళిపోయింది. ఆటోవాళ్ళు కూడా ఆటోల్లో పెట్టుకుని, మెట్ల దాకా వచ్చి, అదే పాట వింటూ వెనక్కి తిప్పుకుపోయేవారు.

సరిగ్గా అప్పుడే రెండు ఉత్తరాలు వచ్చాయి. ఒకటి, హైమవతికి అనంతపురం బదిలీ. రెండోది, సముద్రం ఒడ్డున జరిగే "సాగర సంబరం"లో పాడమని ఆహ్వానం.

"అక్కడ పాడేసి, మర్నాడు రైలెక్కుతాను," అంది హైమవతి. "ముగ్గురం కలిసి పెద్ద స్టేజి ఎక్కడం ఇదే మొదలు. ఇదే ఆఖరు కూడా కావచ్చు."

బెనర్జీ ఆహ్వానాన్ని మళ్ళీ చదివాడు. అడుగున చిన్న అక్షరాల్లో ఇలా ఉంది: "పాడదలచిన పాటకు రాష్ట్ర గీత వర్గీకరణ మండలి వారి జాబితాలో స్థాన సంఖ్య ఉండవలెను."

స్థాన సంఖ్య తెచ్చే పని బెనర్జీకి అప్పగించారు. చిరునామాలు వెతకడం అతని వృత్తి కదా అని.

*

ఆ మండలి అధ్యక్షులు ఆమధ్య ఒక సదస్సుకి వెళ్ళారు. అక్కడ ఒక వక్త, గొప్ప కళాకారుల కృషిలో ఆరంభం, పరిణామం, పరిపక్వత, క్షీణత అనే నాలుగు దశలు కనిపిస్తాయని అన్నాడు. అధ్యక్షులకి ఆ మాట బాగా నచ్చింది. ఆ "కనిపిస్తాయి" అన్న మాటే ఉత్తర్వులోకి వచ్చేసరికి "ఉండవలెను" అయింది.

బెనర్జీ వెళ్ళేసరికి ఉప వర్గీకరణాధికారి పరాంకుశం గారు ఎర్రసిరాతో ఎవరి పల్లవినో కొట్టేస్తున్నారు. మర్యాదస్తుడు. కూర్చోమన్నారు, మంచినీళ్ళిప్పించారు. ఆ తర్వాత దరఖాస్తు చూశారు.

"సింగిల్ అని వ్రాసినారు. సింగిల్ అను పదార్థమును మండలి గుర్తించదు."

"ఒక్క పాటేనండి. అందుకని సింగిల్ అంటారు."

"ఉత్తర్వులోని నిర్వచనము వినండి. సింగిల్ అనగా తనకు ముందు వెనుక ఏమియు లేనట్లు ప్రవర్తించు పాట. అట్టి ప్రవర్తనను ప్రోత్సహింపజాలము. ప్రతి పాటయు బృందము యొక్క మొత్తము కృషిలో తన స్థానమును తెలుపవలెను. ఇంతకు మునుపు మీరు పాడినవి ఎన్ని?"

"మూడండి. 'ఉక్కపోత', 'రెండో టీ', 'నీళ్ళొచ్చే వేళ'."

పరాంకుశం గారు ఫోనులో ఆ మూడు పాటలూ కళ్ళు మూసుకుని విన్నారు. విని, మొదటి రెండింటినీ ఆరంభ దశలోనూ మూడోదాన్ని పరిణామ దశలోనూ వేశారు. తర్వాత "ఆటో పైకి రాదు" పూర్తిగా విని కళ్ళు తెరిచారు.

"ఇది పరిపక్వ దశ. అభినందనలు."

బెనర్జీ సంతోషంగా లేచాడు. "అయితే నంబరు ఇచ్చేస్తారాండి?"

"ఎట్లు ఇచ్చెదము? క్షీణదశ ఏదీ?"

"అది ఇంకా రాలేదండి."

"రానిచో ఇది పరిపక్వమని ఎట్లు నిర్ధారింతుము? ఇంతకంటె మెరుగైనది రేపు వచ్చినచో ఇది పరిణామ దశ అగును. శిఖరమును శిఖరమనుటకు దాని అవతల దిగుడు కనబడవలెను. కావున క్షీణదశకు చెందిన పాటలు రెండు, తక్కువ కాకుండా, ముందస్తుగా దాఖలు చేయండి. మండలి స్వయముగా పరిశీలించి, క్షీణించినట్లు ధ్రువీకరించును."

బెనర్జీ మళ్ళీ కూర్చున్నాడు. "అంటే, కావాలని చెడ్డ పాటలు రాసి తేవాలాండి?"

పరాంకుశం గారు నొచ్చుకున్నారు. "కావాలని అనకండి. సహజముగా ఉండవలెను."

*

ఈ సంగతి వినగానే మస్తాన్ పగలబడి నవ్వాడు. "ఏటి బెనర్జీ, పడిపోడానిక్కూడా అప్లికేషన్ ఎట్టాలా?"

హైమవతి నవ్వలేదు. "నా పేరు మీద చెత్త పాట నేను రాయలేను. ప్రయత్నించినా చెయ్యి రాదు," అంది.

"నేనైతే ఏడు నిమిషాలు ఒక్కణ్ణే డ్రమ్స్ బాదేస్తాను," అన్నాడు మస్తాన్. "ఒక పాట కింద చెల్లిపోద్ది. రెండోది ఎవుడు?"

ఇద్దరూ బెనర్జీ వైపు చూశారు.

"నాకు రాయడం రాదక్కా," అన్నాడు బెనర్జీ.

"మనకి కావలసింది అదే కదరా," అంది హైమవతి. ఆ మాట అనేశాక కొంచెం నొచ్చుకున్నట్టు కూడా కనపడింది. బెనర్జీ మాత్రం ఏమీ అనుకోలేదు. అనుకోకపోగా, ఇంటికి నడుస్తుంటే ఒళ్ళంతా తేలిగ్గా అనిపించింది. ఇన్నాళ్ళూ కాగితం ముందు కూర్చుంటే, ఇది హైమక్క పాటంత బాగుంటుందా అనే భయం పక్కనే కూర్చునేది. ఇప్పుడు బాగుండకూడదనే నిబంధన ఉంది. ఇక భయమెందుకు?

మర్నాడు మధ్యాహ్నం డెలివరీల మధ్య, కొరియర్ స్కూటీ మీద కూర్చుని, చిరిగిన రసీదు వెనక పాట రాశాడు. ఏం రాయాలో తెలియక చేసే పని గురించే రాశాడు. ఇంట్లో ఎవరూ లేకపోతే పార్సిలు మీద "ఇంటికి తాళం" అని రాసి వెనక్కి పంపుతారు. పాట పేరూ అదే పెట్టాడు.

మూడుసార్లొచ్చాను, ఇంటికి తాళం
పక్కింటి కుక్క నన్ను గుర్తుపడుతోంది
పెట్టెలో ఏముందో నాకు తెలీదు
నీకోసం ఎవరో పంపారు, అది చాలు

ప్రాస లేదు. లయ కూడా సరిగా లేదు. అతనికి తట్టిన రెండు స్వరాల మీదే మొదలై అక్కడే ముగిసింది. క్షీణతకి ఇంతకంటే ఏం కావాలి అనుకున్నాడు.

రిహార్సల్‌లో హైమవతి ఆ కాగితం తీసుకుని పాడింది. పాట అయిపోయాక గిటారు కింద పెట్టలేదు. కాగితం వైపు చూస్తూ ఉండిపోయింది.

"బాగా లేదు కదక్కా?" ఆశగా అడిగాడు బెనర్జీ.

"ఎప్పుడు రాశావురా ఇది?" అంది హైమవతి.

*

మండలి పరిశీలన బృందం ఒక ఆదివారం ఉదయం బైరాగిమెట్టకి వచ్చింది. బృందమంటే ఇద్దరే. పరాంకుశం గారు, నాణ్యతా పరిశీలకురాలు తాయారమ్మ గారు. ఆవిడ నలభై ఏళ్ళు వీణ నేర్పి రిటైరయిన మనిషి. ఆటో పైకి రాలేదు కాబట్టి ఇద్దరూ నూట పద్నాలుగు మెట్లూ ఎక్కి, హైమవతి ఇంటి డాబా మీద ఐదు నిమిషాలు ఆయాసం తీర్చుకున్నారు.

మస్తాన్ డ్రమ్స్ మొదలుపెట్టాడు. నాలుగో నిమిషానికి పక్క డాబాల మీద ఆరేసిన వడియాలు తీసుకుని ఆడవాళ్ళు లోపలికి వెళ్ళిపోయారు. ఏడో నిమిషానికి తాయారమ్మ గారు చేయి ఎత్తారు.

"చాలు నాయనా. ఇందులో సందేహం లేదు."

"సంపూర్ణ క్షీణత," అని పరాంకుశం గారు రాసుకున్నారు. మస్తాన్ లేచి నమస్కారం పెట్టాడు.

తర్వాత "ఇంటికి తాళం". హైమవతి పాడింది. పరాంకుశం గారి కుడిపాదం ఆయన అనుమతి లేకుండా తాళం వెయ్యసాగింది. ఆయన దాన్ని గమనించి ఎడమపాదంతో తొక్కిపెట్టారు.

"ఇందులో లోపమేది?" అన్నారు తాయారమ్మ గారు.

"ప్రాస లేదండి," అన్నాడు బెనర్జీ.

"అది లోపంలా వినపడట్లేదు బాబూ. వద్దని మానేసినట్టుంది."

పరాంకుశం గారు గొంతు సవరించుకున్నారు. "గీతము తగినంత క్షీణించలేదు. మరికొంత దిగవలసి యున్నది. ఆ డ్రమ్ములు తీసివేయండి."

తీసేశారు. అప్పటిదాకా మోతలో కలిసిపోయిన బాస్ గిటారు మొదటిసారి విడిగా వినపడింది. కొండ కింద ఎవరో తలుపు తట్టి ఆగినట్టు, మళ్ళీ తట్టినట్టు ఉంది. వడియాలు తీసుకెళ్ళినవాళ్ళు తిరిగి డాబాల మీదికి వచ్చారు.

"వేగము తగ్గించండి," అన్నారు పరాంకుశం గారు.

తగ్గించారు. ఈసారి పిట్టగోడల మీద మోచేతులు ఆనించి వినసాగారు.

"గాయని మార్పు," అన్నారు ఆయన కొంచెం కంగారుగా. "బృందములో గాత్రము ఎవరికి లేదు?"

మస్తాన్ వేలు పెట్టి బెనర్జీని చూపించాడు.

బెనర్జీ ఇదివరకెప్పుడూ మైకు ముందు నిలబడలేదు. ఒక్కసారి కళ్ళు మూసుకుని, గేటు దగ్గర నిలబడి ఇంట్లోవాళ్ళని పిలిచే గొంతుతోనే పాడాడు. రెండు చోట్ల శ్రుతి తప్పింది. "పెట్టెలో ఏముందో నాకు తెలీదు" అనే చోట గొంతు జీరపోయింది.

పాట అయ్యాక తాయారమ్మ గారు కళ్ళజోడు తీసి పమిటతో తుడుచుకున్నారు.

పరాంకుశం గారు ఆవిడ వైపు చూశారు. "శ్రుతి రెండు చోట్ల తప్పినది. మేడమ్, మీ అభిప్రాయము?"

"తప్పింది. నిజమే," అన్నారావిడ. అంతకుమించి ఏమీ చెప్పలేదు.

"అయితే క్షీణత నిర్ధారింపబడినది. ఇకమీదట ఈ గీతమును ఈ విధముగానే, ఈ గాత్రముతోనే పాడవలెను. మెరుగుపరచుట నిషిద్ధము." ధ్రువపత్రంలో శ్రుతి తప్పిందన్న చోట ఆవిడ చేత సంతకం పెట్టించి, ముద్ర వేసి, ఆయన జాగ్రత్తగా మెట్లు దిగి వెళ్ళిపోయారు.

*

స్థాన సంఖ్య వారంలో వచ్చింది. "ఆటో పైకి రాదు"కి జాబితాలో నాలుగో స్థానం, పరిపక్వ దశ, శాశ్వతం. దాంతోపాటు ఇంకో ఉత్తరం కూడా ఉంది. నాలుగు దశలూ పూర్తయ్యాయి కనుక ఉప్పుగాలిని "సమాప్త బృందం"గా ప్రకటిస్తున్నామని, ఇకపై కొత్త పాటలకు అవకాశం లేదని, సాగర సంబరంలో వర్తమాన బృందాల విభాగం నుంచి వాళ్ళ పేరు తొలగించామని దాని సారాంశం.

బెనర్జీ ఆ ఉత్తరం పట్టుకుని మండలికి పరిగెత్తాడు.

"మేం బతికే ఉన్నాం కదండి," అన్నాడు.

"మీ ఆరోగ్యము మండలి పరిధిలోనిది కాదు," అన్నారు పరాంకుశం గారు. ఆయన మొహంలో నిజమైన బాధే ఉంది. కాసేపు ఉత్తర్వుల పుస్తకం తిరగేశారు. ఒక పేజీ దగ్గర ఆగి, చాలారోజుల తర్వాత పాత స్నేహితుణ్ణి చూసినట్టు దానివైపు చూశారు. "సమాప్త బృందములకు వారసత్వ విభాగము కలదు. అందు ఎవరేని నివాళి సమర్పింపవచ్చును. నివాళి సమర్పించువారు ఎవరైయుండవలెనో ఇందు చెప్పలేదు."

"అంటే మాకు మేమే..."

"నివాళి ఇచ్చుకొనవచ్చును. సమయము కూడ వర్తమానము వారికంటె ఎక్కువ. వారికి పది నిమిషములు, వారసత్వమునకు నలభై. అయితే నాలుగు దశలను వరుసగా వినిపించవలెను."

అలా సాగర సంబరం రోజున, సూర్యుడు ఇంకా కొండల మీద ఉండగానే, ఉప్పుగాలి స్టేజి ఎక్కింది. ఒక పక్క బల్ల మీద వాళ్ళ ముగ్గురి ఫోటో పెట్టి, పూలదండ వేసి, దీపం వెలిగించారు. వ్యాఖ్యాత కాగితం చూసి చదివాడు: "కీర్తిశేషులు కాకపోయినప్పటికీ సమాప్తులైన ఉప్పుగాలి వారికి, ఉప్పుగాలి వారే సమర్పిస్తున్న ఘన నివాళి." ముందు వరసలో ఎవరో లేచి నిలబడి నిమిషం మౌనం పాటించారు. మస్తాన్ కూడా పాటించాడు.

ఆరంభ దశకి జనం మర్యాదగా చప్పట్లు కొట్టారు. పరిణామ దశలో పల్లీలు కొనుక్కున్నారు. "ఆటో పైకి రాదు" మొదలవగానే ఇసుకలో కూర్చున్న బైరాగిమెట్ట మొత్తం లేచింది. వాళ్ళతో పాటు మిగతా తీరమంతా లేచింది. హైమవతి చివరి చరణం పాడనే లేదు. మైకు జనం వైపు తిప్పి పట్టుకుంది, వాళ్ళే పాడారు. ఆమె కళ్ళు తడిగా ఉండటం బెనర్జీ చూశాడు. ఇంతటితో ఆపేస్తే ఎంత బాగుండు అనుకున్నాడు. కానీ క్షీణదశ మిగిలే ఉంది.

మస్తాన్ తన ఏడు నిమిషాలూ బాదాడు. సగం జనం చెప్పులు వెతుక్కోవడం మొదలుపెట్టారు.

అప్పుడు బెనర్జీ మైకు ముందుకొచ్చాడు. ధ్రువపత్రంలో ఉన్నట్టే డ్రమ్స్ లేకుండా, నెమ్మదిగా, రెండు చోట్ల శ్రుతి తప్పుతూ పాడాడు. చెప్పులు వెతుక్కునేవాళ్ళు వంగినవాళ్ళు వంగినట్టే ఆగిపోయారు. "నీకోసం ఎవరో పంపారు, అది చాలు" అనే లైను దగ్గరికొచ్చేసరికి అలల చప్పుడు కూడా తగ్గిందా అనిపించింది. పాట అయిపోయాక కొన్ని క్షణాలు ఏమీ వినపడలేదు. పాట చెడిందనుకుని బెనర్జీ తృప్తిగా గిటారు దించబోయాడు. అప్పుడు వెనకవరసల్లోంచి ఒక ముసలాయన గొంతు వినపడింది.

"బాబూ, ఇంకోపాలి."

ఆ వెనక వందమంది, ఆ వెనక వేలమంది అన్నారు. మూడుసార్లు పాడించుకున్నారు. మూడోసారి హైమవతి పక్కనొచ్చి నిలబడి, తన గిటారుతో అతని రెండు స్వరాలకీ తోడు వాయించింది.

*

హైమవతి మర్నాటి రైలు కాస్తా మూడు రోజులు వాయిదా వేసుకోవాల్సి వచ్చింది. మండలి నుంచి సంజాయిషీ నోటీసు వచ్చింది. "ధ్రువీకృత క్షీణదశ గీతమునకు బహిరంగముగా మూడు పర్యాయములు వన్స్ మోర్ సంభవించుట గురించి".

ముగ్గురూ వెళ్ళి పరాంకుశం గారి ఎదురుగా కూర్చున్నారు. ఆయన ముందు లావుపాటి ఫైలు ఉంది. పక్క కుర్చీలో తాయారమ్మ గారు.

"జాబితా అస్తవ్యస్తమైనది," అన్నారు పరాంకుశం గారు. "క్షీణదశ గీతము పరిపక్వ గీతము కంటె ఎక్కువ ఆదరణ పొందినది. కావున దానిని పరిపక్వ దశకు మార్చుచున్నాము. ఒక దశయందు రెండు శిఖరములు ఉండరాదు. కావున 'ఆటో పైకి రాదు' క్షీణదశకు పోవును. గీతకర్త్రికి అభ్యంతరము ఉన్నచో తెలుపవలెను."

బెనర్జీ ముందుకు వంగాడు. "సార్, అది అన్యాయమండి. ఆ పాట వల్లే కదా మేం..."

హైమవతి అతని చేతి మీద చెయ్యి వేసి ఆపింది. "మార్చుకోండి సార్. నాకేం అభ్యంతరం లేదు," అంది నవ్వుతూ. "ఏ దశలో ఉన్నా ఆటో మాత్రం పైకి రాదు. మేం సమాప్తమన్న ముక్క మాత్రం కొట్టెయ్యాలి. ఎక్కేవాళ్ళు ఇంకా ఉన్నారని తేలింది కదా. రెండో శనివారాలు నేను వస్తాను, రిహార్సల్ పెట్టుకుంటాం."

"కొట్టెయ్యండి పరాంకుశం గారూ," అన్నారు తాయారమ్మ గారు. "ఆ రోజు నేను సంతకం పెట్టింది శ్రుతి తప్పిందని మాత్రమే. పాట పడిపోయిందని కాదు."

పరాంకుశం గారు 'సమాప్త' అన్న మాట మీద ఎర్రసిరాతో ఒక గీత గీశారు. తర్వాత కొత్త కాగితం తీసుకుని కలం పట్టుకున్నారు. కంఠం కఠినంగా పెట్టుకున్నారు.

"ఇక నేరము విషయము. క్షీణింపవలసిన గీతము, పరిశీలన బృందము ఎంత ప్రయత్నించినను, క్షీణింపలేదు. ఇంత గందరగోళమునకు మూలమైన ఆ గీతమును వ్రాసినది ఎవరు? బాధ్యులు ముందుకు రావలెను."

మస్తాన్ బెనర్జీ వైపు చూడకుండా కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. అతని పెదాల చివర నవ్వు ఆగట్లేదు.

బెనర్జీ లేచి నిలబడ్డాడు.

"నేనేనండి," అన్నాడు. తర్వాత ఇంటిపేరుతో సహా తన పేరంతా చెప్పాడు. ఎక్కడా తప్పు పడకుండా, ఆయన రాసుకోవడానికి వీలుగా, ఒక్కొక్క అక్షరమే.